బిడ్డ ఎవరి దగ్గర? - ఒక చట్టపు మాట వెనుక కథ

మా బ్యాంకు వాడుకలో కస్టడీ అన్న మాటకు చిక్కేమీ లేదు. ఖాతాదారు తన వీలునామానో, బాండ్లనో, నగల పెట్టెనో సీలు వేసి మా దగ్గర దాచుకుంటాడు. మేం రసీదు రాసిస్తాం. వస్తువు మాది కాదు, దాన్ని పదిలంగా ఉంచే పూచీ మాత్రం మాది. బ్యాంకు బయట ఈ మాట మనవాళ్ళ చెవిన పడేది ఎక్కువగా పోలీసుల విషయంలోనే. ఫలానావాణ్ణి కస్టడీలోకి తీసుకున్నారని పేపర్లో చదువుతాం. నగల పెట్టెకూ, నిందితుడికీ వాడే ఈ మాటనే చట్టం పసిబిడ్డకూ వాడుతుంది. బిడ్డ విషయంలో దీని అర్థం మాత్రం రెండు వందల ఏళ్ళుగా మారుతూనే వస్తోంది.

నేను న్యాయవాదిని కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. మైనరు ఖాతా దరఖాస్తులో 'సంరక్షకుడు' అనే గడి ముప్పై ఏళ్ళుగా నా చేతుల మీదుగా నడుస్తోంది. ఆ గడిలో తండ్రి పేరే ఎందుకుండాలి, తల్లి పేరు ఎప్పుడు చెల్లుతుంది, దెబ్బలు తాళలేక బిడ్డను చంకనేసుకుని పుట్టింటికి చేరిన ఇల్లాలు ఆ గడిలో ఏం రాయాలి అన్న ప్రశ్నలే నన్ను చట్టాల పుస్తకాల దాకా లాక్కెళ్ళాయి. మా హోసూరు లాంటి చోట వీటికి ఇంకో ప్రశ్న తోడవుతుంది. పిల్లనిచ్చింది కర్ణాటకలో, పుట్టిల్లు తమిళనాడులో, మేనమామ ఉండేది చిత్తూరు జిల్లాలో. బిడ్డ ఎక్కడుంటే ఏ కోర్టు మాట చెల్లుతుంది? బళ్ళారిలో, బరంపురంలో, రాయగడలో, నాందేడులో, యానాంలో ఉన్న మన పాఠకులకూ ఇది ఎరగని ప్రశ్న కాదు. అందుకే ఈ చరిత్రను నాకు అర్థమైన మేరకు ఇక్కడ రాస్తున్నాను.

తండ్రి సొత్తు

మన సంరక్షక చట్టాలకు మూలం ఇంగ్లండులో ఉంది కాబట్టి కథ అక్కడినుంచే మొదలుపెట్టాలి. పందొమ్మిదో శతాబ్దపు మొదట్లో అక్కడి చట్టం ప్రకారం బిడ్డ పూర్తిగా తండ్రి స్వాధీనం. 1804లో డి మానెవిల్ అనే ఫ్రెంచి దేశస్థుడి వ్యాజ్యం కింగ్స్ బెంచ్ ముందుకొచ్చింది. భర్త పెట్టే బాధలు పడలేక భార్య విడిగా ఉంటోంది. ఎనిమిది నెలల చంటిబిడ్డ తల్లి దగ్గరుంది. తండ్రి వచ్చి పాలు తాగే పిల్లను బలవంతాన ఎత్తుకుపోయాడు. తల్లి కోర్టుకెళ్ళింది. ప్రధాన న్యాయమూర్తి ఎలెన్‌బరో ప్రభువు తండ్రికే హక్కు ఉందన్నాడు. తల్లి పడ్డ బాధలు ఆ లెక్కలోకి రాలేదు.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు కరొలైన్ నార్టన్ అనే రచయిత్రి వంతు వచ్చింది. ఆమె భర్త జార్జి నార్టన్ పార్లమెంటు సభ్యుడుగా ఉన్నవాడు. భార్యను కొట్టేవాడు. 1836లో ముగ్గురు కొడుకులనూ ఆమెకు దక్కకుండా చేశాడు. అదే ఏడాది ప్రధానమంత్రి మెల్బోర్న్ ప్రభువుతో భార్యకు సంబంధం అంటగట్టి దావా వేసి ఓడిపోయాడు. భర్త దావా ఓడినా భార్యకు బిడ్డలు రాలేదు. చట్టంలో తల్లి అన్న మాటకు చోటే లేదని అప్పుడామెకు తెలిసొచ్చింది. ఆమె కలం పట్టింది. కరపత్రాలు రాసి పార్లమెంటు సభ్యులకు పంచింది. టాల్ఫర్డ్ అనే న్యాయవాది, పార్లమెంటు సభ్యుడు, బిల్లు పెట్టాడు. 1839లో శిశు స్వాధీన చట్టం వచ్చింది. ఏడేళ్ళలోపు పిల్లల స్వాధీనం కోసం, ఆపై వయసు పిల్లలను చూసుకునేందుకు అనుమతి కోసం తల్లి చాన్సరీ కోర్టును అడగవచ్చని ఆ చట్టం చెప్పింది. తల్లి మీద వ్యభిచారం రుజువైతే ఆ అవకాశమూ లేదు. ఏమైనా, తల్లికి అడిగే హక్కు చట్టంలో అక్షరరూపం ధరించడం అదే మొదలు.

అంత చేసినామెకు ఆ చట్టం వల్ల ఒరిగిందేమిటి? నార్టన్ తన కొడుకులను స్కాట్లండుకు పంపేశాడు. ఇంగ్లండు చట్టం స్కాట్లండులో చెల్లదు. 1842లో చిన్న కొడుకు విలియం గుర్రం మీదినుంచి పడి చనిపోయాడు. తల్లి చేరేసరికే ప్రాణం పోయింది. పోరాడి తెచ్చుకున్న చట్టం ఒక సరిహద్దు గీత దగ్గర ఆగిపోయింది. సరిహద్దుల్లో బతికే మనం ఈ ఒక్క సంగతిని గుర్తుపెట్టుకోవాలి. ముందు ముందు మళ్ళీ వస్తుంది.

1878

ఈ చరిత్రలో 1878 ఒక విచిత్రమైన సంవత్సరం. ఆ ఏడాది ఫ్రాన్సెస్ పవర్ కాబ్ అనే ఆమె ఇంగ్లండులో భార్యలను హింసించే తీరు మీద ఒక పెద్ద వ్యాసం అచ్చువేసింది. పేపర్లలో వచ్చిన కేసులను ఒక్కొక్కటిగా ఎత్తి చూపింది. అదే ఏడాది పార్లమెంటు వైవాహిక వ్యాజ్యాల చట్టంలో ఒక కొత్త నిబంధన చేర్చింది. భార్యను తీవ్రంగా కొట్టినట్టు భర్త మీద నేరం రుజువై, ఆమె ప్రాణానికి ముందు ముందు కూడా ముప్పుందని మేజిస్ట్రేటుకు తోస్తే, ఆమె భర్తతో కాపురం చెయ్యనక్కరలేదని ఉత్తర్వివ్వవచ్చు. మనోవర్తి ఇప్పించవచ్చు. పదేళ్ళలోపు పిల్లల స్వాధీనం ఆమెకు ఇవ్వవచ్చు.

పైకి చిన్న నిబంధనలాగే కనిపిస్తుంది కాని, ఇందులో రెండు పెద్ద మార్పులున్నాయి. ఒకటి, బిడ్డ విషయం పెద్ద కోర్టునుంచి ఊళ్ళో మేజిస్ట్రేటు దగ్గరకు దిగింది. చాన్సరీ కోర్టు మెట్లెక్కే స్తోమత కూలివాడి భార్యకెక్కడిది? రెండోది, భార్య మీద పడ్డ దెబ్బకూ బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్నకూ సంబంధం ఉందని చట్టం మొదటిసారి ఒప్పుకుంది. ఇవాళ మనం రక్షణ ఉత్తర్వు అనేదానికి ముత్తాత ఈ ఉత్తర్వే అనుకోవచ్చు. 1895 చట్టం దీన్ని ఇంకా విస్తరించింది. ఎడతెగని క్రూరత్వం భరించలేక ఇల్లు విడిచిన భార్య కూడా అడగవచ్చంది, పిల్లల వయసును పదహారుకు పెంచింది.

సరిగ్గా అదే 1878లో మరో కోర్టు మరో తల్లి ఒడిలోంచి కూతుర్ని లాక్కుంది. ఆ తల్లి అనీ బిసెంటు. మతగురువైన భర్తతో పొసగక 1873లో విడిపోయింది. కొడుకు తండ్రి దగ్గర, కూతురు మేబెల్ తల్లి దగ్గర ఉండేట్టు పత్రం రాసుకున్నారు. తర్వాత ఆమె నాస్తికవాదం ప్రచారం చేసింది. 1877లో బ్రాడ్లాతో కలిసి సంతాన నియంత్రణ పుస్తకం అచ్చువేసినందుకు విచారణకెక్కింది. ఇలాంటి తల్లి దగ్గర ఆడపిల్ల పెరగరాదని సర్ జార్జి జెస్సెల్ తీర్పిచ్చాడు. పిల్లకు మంచి అంటే ఏమిటో న్యాయమూర్తి అభిప్రాయమే నిర్ణయిస్తుందన్నమాట. పెద్దయ్యాక ఆ పిల్లలిద్దరూ తల్లి దగ్గరకే వచ్చారు.

అడయారు వ్యాజ్యం

ఇదే అనీ బిసెంటు ముప్పై అయిదేళ్ళ తర్వాత మద్రాసులో మళ్ళీ ఒక కస్టడీ కేసులో నిలబడింది. ఈసారి పిల్లలు తెలుగు పిల్లలు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, అతని తమ్ముడు నిత్యానంద. తల్లి సంజీవమ్మ 1905లోనే పోయింది. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేసి విరమించి, 1909 మొదట్లో పిల్లలతో అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి చేరాడు. మద్రాసుకు వలస వచ్చి నిలదొక్కుకున్న తెలుగు కుటుంబాల్లో అదీ ఒకటి.

1910 మార్చిలో నారాయణయ్య తన ఇద్దరు కొడుకులకూ అనీ బిసెంటును సంరక్షకురాలుగా ఉండమని లేఖ రాసిచ్చాడు. ఆమె వాళ్ళను ఇంగ్లండు తీసుకెళ్ళింది. లెడ్‌బీటర్‌తో పిల్లల సాంగత్యం తండ్రికి నచ్చలేదు. 1912లో పిల్లలను తిరిగి అప్పగించమని దావా వేశాడు. చెంగల్పట్టు జిల్లా కోర్టులో వేసిన ఆ దావాను మద్రాసు హైకోర్టుకు మార్చారు. అనీ బిసెంటు తన కేసు తానే వాదించుకుంది. తండ్రి పక్షాన సి.పి. రామస్వామి అయ్యరు నిలబడ్డాడు. 1913లో జస్టిస్ బేక్‌వెల్ పిల్లలను తండ్రికి అప్పగించమన్నాడు. అప్పీలులోనూ ఆమె ఓడింది. చివరికి లండనులోని ప్రీవీ కౌన్సిల్ 1914 మేలో ఆమె అప్పీలును అంగీకరించింది.

ఎందుకు అంగీకరించిందన్నదే మనకు కావలసింది. తండ్రి బతికుండగా తన సంరక్షకత్వాన్ని శాశ్వతంగా ఇంకొకరికి ధారపోయలేడు, చదువు కోసం బిడ్డను ఇంకొకరి దగ్గర ఉంచినా ఆ ఏర్పాటును తర్వాత రద్దు చేసుకోవచ్చు అన్న సూత్రాన్ని ప్రీవీ కౌన్సిల్ ఒప్పుకుంది. ఆ సూత్రం నారాయణయ్యకు అనుకూలమే. అయినా దావా నిలవలేదు. పిల్లలు ఉన్నది ఇంగ్లండులో. చెంగల్పట్టు జిల్లాలో వాళ్ళ నివాసం లేదు. అలాంటప్పుడు ఆ కోర్టుకు అధికారం ఎక్కడిది? పైగా, ఎదిగిన పిల్లల ఇష్టం ఏమిటో ఎవరూ వాళ్ళను అడగలేదు. నార్టన్ కొడుకుల విషయంలో స్కాట్లండు సరిహద్దు చేసిన పనే ఇక్కడ సముద్రం చేసింది. సంరక్షకత్వం వేరు, స్వాధీనం వేరు, అధికార పరిధి వేరు అని మన దేశంలోని న్యాయవాదులు ఈ కేసు చూపి చెబుతూ వచ్చారు.

1890 నుంచి 1999 దాకా

నారాయణయ్య కేసు నాటికే మన దేశంలో 1890 నాటి సంరక్షకులు, మైనర్ల చట్టం అమల్లో ఉంది. ఇప్పటికీ ఉంది. మైనరు మామూలుగా నివసించే చోటి జిల్లా కోర్టే విచారించాలన్నది అందులోని తొమ్మిదో సెక్షన్. తండ్రి బతికి ఉండి అనర్హుడు కానప్పుడు కోర్టు ఇంకొకరిని బిడ్డకు సంరక్షకులుగా నియమించరాదన్నది పందొమ్మిదో సెక్షన్. ఇందులో తల్లి పేరును కూడా చేర్చింది 2010లో. నూట ఇరవై ఏళ్ళు పట్టింది.

1956లో వచ్చిన హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం సహజ సంరక్షకుడు తండ్రి, 'అతని తర్వాత' తల్లి. అయిదేళ్ళు నిండని బిడ్డ స్వాధీనం మాత్రం మామూలుగా తల్లికే అని ఒక మినహాయింపు. గమనించండి, ఒకే వాక్యంలో రెండు మాటలు రెండు దారుల్లో నడుస్తున్నాయి. సంతకం పెట్టే అధికారం తండ్రిది, పెంచే చాకిరీ తల్లిది. అదే చట్టం పదమూడో సెక్షన్‌లో బిడ్డ క్షేమమే అన్నిటికంటే ముఖ్యమని ఉంది.

ఈ 'తర్వాత' అన్న మాట మా బ్యాంకుల్లో ఎంత పని చేసిందో చెప్పాలి. తండ్రి బతికుండగా తల్లిని సంరక్షకురాలుగా చూపి ఖాతా తెరవడానికి బ్యాంకులు జంకేవి. 1976లో రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. సేవింగ్సు, ఫిక్సెడు డిపాజిట్ ఖాతాల వరకు తల్లిని సంరక్షకురాలుగా ఒప్పుకోవచ్చు, ఖాతాలో ఎప్పుడూ సొమ్ము నిలవ ఉండేట్టు చూసుకోండి, అప్పు పెరగనివ్వకండి అని. చట్టం మారలేదు. కౌంటరు దగ్గర చిన్న సందు దొరికిందంతే.

ఆ రిజర్వు బ్యాంకే తర్వాత ముద్దాయి స్థానంలో నిలబడింది. 1984లో రచయిత్రి గీతా హరిహరన్, ఆమె భర్త కలిసి తమ కొడుకు పేర రిలీఫ్ బాండ్లు కొనాలని దరఖాస్తు పెట్టారు. సంరక్షకురాలుగా తల్లి సంతకం చేసింది. తండ్రి సంతకమైనా కావాలి, లేదా తల్లి సంరక్షకురాలని తగిన అధికారి ఇచ్చిన పత్రమైనా కావాలి అని దరఖాస్తు తిరిగొచ్చింది. ఆమె సుప్రీంకోర్టుకెళ్ళింది. 1999 ఫిబ్రవరి 17న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. 'అతని తర్వాత' అంటే అతను చనిపోయిన తర్వాత అని అర్థం కాదు, అతను లేనప్పుడు అని అర్థం. తండ్రి బిడ్డను పట్టించుకోకపోయినా, దూరంగా ఉన్నా, ఇద్దరూ ఒప్పుకుని ఆ బాధ్యత తల్లికే విడిచినా ఆమే సంరక్షకురాలు.

అప్పుడు నేను శాఖలో కుర్ర ఆఫీసర్ని. ఒక్క విభక్తి లాంటి మాట మీద ఇంత వాదం నడవగలదని ఆశ్చర్యపడ్డాను. తీర్పు మంచిదే. కాని చట్టంలోని మాట ఇవాళ్టికీ అలాగే ఉంది. తల్లీ తండ్రీ ఇద్దరూ సమానంగా సహజ సంరక్షకులని రాయండని 1989లోనే లా కమిషన్ 133వ నివేదికలో సిఫారసు చేసింది. 2015లో 257వ నివేదికలోనూ మళ్ళీ చెప్పింది.

2005 చట్టంలో రెండు నిర్వచనాలు

గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005లో ఆమోదం పొంది 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చింది. 1878 నాటి ఇంగ్లండు మేజిస్ట్రేటు చేతికి వచ్చిన పని, మన దేశంలో నూట ఇరవై ఏడేళ్ళ తర్వాత మన మేజిస్ట్రేటు చేతికి వచ్చింది. భర్త మీద ముందు నేరం రుజువు కావాలన్న షరతు మాత్రం ఇందులో లేదు.

ఈ చట్టం రెండో సెక్షన్ నిర్వచనాల పట్టిక. అందులో బిడ్డ అంటే పద్ధెనిమిదేళ్ళలోపు ఎవరైనా. దత్తత బిడ్డ, సవతి బిడ్డ, పెంపుడు బిడ్డ కూడా అందులోకే వస్తారు. స్వాధీన ఉత్తర్వు అంటే ఇరవై ఒకటో సెక్షన్ కింద ఇచ్చినది. రక్షణ ఉత్తర్వు అంటే పద్ధెనిమిదో సెక్షన్ కింద ఇచ్చినది. ఇవి రెండూ వేరువేరు గళ్ళు.

ఇరవై ఒకటో సెక్షన్ చిన్నదే. వేరే చట్టాల్లో ఏమున్నా సరే, విచారణ ఏ దశలోనైనా మేజిస్ట్రేటు బిడ్డ తాత్కాలిక స్వాధీనాన్ని బాధితురాలికిగాని, ఆమె తరఫున దరఖాస్తు పెట్టినవారికిగాని ఇవ్వవచ్చు. ఎదుటి పక్షం బిడ్డను చూసి వెళ్ళే ఏర్పాటు చెయ్యవచ్చు. ఆ రాకపోకలు బిడ్డకు హాని అని తోస్తే మేజిస్ట్రేటు వాటిని నిరాకరించి తీరాలి. 'తీరాలి' అన్నచోట చట్టం వాడింది ఆజ్ఞార్థకం. ఎదుటి పక్షానికే స్వాధీనం ఇవ్వడం గురించి ఈ సెక్షన్‌లో మాట లేదు. అయిదేళ్ళ గీత కూడా లేదు. పదిహేనేళ్ళ పిల్లవాడి విషయంలోనూ తల్లి అడగవచ్చు.

పద్ధెనిమిదో సెక్షన్ మా బ్యాంకువాళ్ళకు దగ్గరిది. హింస మానుకోమనడం, ఆమె పనిచేసే చోటికి వెళ్ళవద్దనడం, బాధితురాలు బాలిక అయితే ఆమె బడి ఛాయలకు పోవద్దనడంతోపాటు, ఉమ్మడి బ్యాంకు లాకర్లను, ఖాతాలను కోర్టు అనుమతి లేకుండా నడపవద్దనడం కూడా అందులో ఉంది. ఈ చట్టం రాసినవాళ్ళకు సంసారం ఎలా చితుకుతుందో తెలుసు.

ఒక సంగతి చెబుతాను. చట్టం వచ్చిన కొన్నేళ్ళకు నేనున్న శాఖకు ఒకామె మేజిస్ట్రేటు ఉత్తర్వు నకలు పట్టుకుని వచ్చింది. ఎనిమిదేళ్ళ కొడుకు తాత్కాలిక స్వాధీనం ఆమెకిచ్చారు. పిల్లవాడి పేర ఉన్న డిపాజిట్‌కు సంరక్షకుడు తండ్రి. "బిడ్డనే నాకిచ్చారు కదన్నా, బిడ్డ డబ్బు నాకివ్వరా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. పై ఆఫీసుకు రాస్తే, స్వాధీనం వేరు, సంరక్షకత్వం వేరు, ఈ ఉత్తర్వుతో డిపాజిట్ మీద పేరు మార్చలేం అని జవాబొచ్చింది. చట్టప్రకారం ఆ జవాబులో తప్పు లేదు. 1976 సర్క్యులర్ ఆధారంగా పిల్లవాడికి ఆమె సంరక్షణలో కొత్త సేవింగ్సు ఖాతా తెరిచి, పాత డిపాజిట్ విషయం కూడా మేజిస్ట్రేటునే అడగమని, కోర్టు పేరు పెట్టి చెబితే మేము పాటించక తప్పదని చెప్పి పంపాను. ఆమె అలాగే అడిగి, గడువుకు ముందు ఆ డిపాజిట్‌ను ఎవరూ తీయకుండా ఉత్తర్వు తెచ్చుకుంది. ఏ మాట ఏ గడిలో ఉందో తెలిస్తే ఏం అడగాలో తెలుస్తుంది.

ఈ గళ్ళ తేడా ఇంకోచోట కూడా తగులుతుంది. ముప్పై ఒకటో సెక్షన్ ప్రకారం రక్షణ ఉత్తర్వును, మధ్యంతర రక్షణ ఉత్తర్వును ఉల్లంఘించడం నేరం. ఏడాది దాకా జైలు, ఇరవై వేల రూపాయల దాకా జరిమానా. అక్కడ స్వాధీన ఉత్తర్వు పేరు లేదు. అంటే బిడ్డను తిరిగి ఎత్తుకుపోయినవాడి మీద ఈ సెక్షన్ నేరుగా పనిచేస్తుందని చెప్పడానికి చట్టంలో మాట కనబడదు. అందుకని తల్లి రెండూ అడగాలి. స్వాధీనం ఇరవై ఒకటి కింద, బిడ్డను తన దగ్గరనుంచి తీసుకుపోరాదన్న నిషేధం పద్ధెనిమిది కింద. పద్ధెనిమిదిలో మేజిస్ట్రేటు పేర్కొనే ఇతర పనులను కూడా నిషేధించవచ్చన్న క్లాజు ఉంది.

గీత దాటినప్పుడు

ఇక సరిహద్దు మాట. 2005 చట్టం ఇరవై ఏడో సెక్షన్ ప్రకారం బాధితురాలు శాశ్వతంగాగాని, తాత్కాలికంగాగాని నివసించే చోట, లేదా ఉద్యోగం చేసే చోట ఉన్న మేజిస్ట్రేటును అడగవచ్చు. ఎదుటి పక్షం ఉండే చోటనైనా, హింస జరిగిన చోటనైనా అడగవచ్చు. ఆ ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుంది. బెంగళూరులో దెబ్బలు తిన్నామె హోసూరు పుట్టింట్లో తలదాచుకుంటే హోసూరు కోర్టునే అడగవచ్చు. రాయగడకు వచ్చినామె రాయగడలోనే అడగవచ్చు. కరొలైన్ నార్టన్‌కు స్కాట్లండు గీత దగ్గర దొరకనిది ఇదే. శాశ్వత సంరక్షకత్వం కావాలంటే మాత్రం 1890 చట్టం కింద బిడ్డ మామూలుగా నివసించే చోటికే పోవాలి. 2005 చట్టం ఇచ్చేది తాత్కాలికం. ఆ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. తాత్కాలికంగా దొరికిన ఆ నెలల్లోనే పిల్లవాడు బడిలో చేరతాడు, భయం లేకుండా నిద్రపోతాడు.

దేశం గీత దాటితే కథ వేరు. అమెరికాలో 1997లో తయారైన ఏకరూప చట్టాన్ని దాదాపు అన్ని రాష్ట్రాలూ స్వీకరించాయి. గృహహింస రక్షణ విచారణలో బిడ్డ ప్రశ్న వచ్చినా అది కస్టడీ విచారణే అని దాని నిర్వచనంలో రాసుకున్నారు. ఒక రాష్ట్రపు ఉత్తర్వు ఇంకో రాష్ట్రంలో చెల్లడానికి అది పనికొస్తుంది. పిల్లలను దేశం దాటించడం మీద 1980లో హేగ్‌లో కుదిరిన ఒప్పందంలో మన దేశం చేరలేదు. అక్కడినుంచి బిడ్డతో వచ్చేసిన మన ఆడపిల్లల కేసులను కోర్టులు ఒక్కొక్కటిగా బిడ్డ క్షేమం చూసి తేలుస్తున్నాయి.

బిడ్డ ఎవరి సొత్తూ కాదని, తల్లిదండ్రుల ఆటవస్తువు కాదని సుప్రీంకోర్టు 1973లోనే, మద్రాసునుంచి వెళ్ళిన రోజీ జేకబ్ కేసులో చెప్పింది. కోర్టు అలా చెప్పినా మన ఇళ్ళలో ఇంకా 'మా వంశం బిడ్డ, మాకే కావాలి' అంటూనే ఉన్నాం. ఇంటి గుట్టు రచ్చకెక్కుతుందని ఆడపిల్ల నోరు మూయిస్తూనే ఉన్నాం. మనవి చిన్న సంఘాలు. ఇక్కడి తెలుగు కుటుంబాలకు ఒకరి సంగతి ఒకరికి తెలుసు. అందుకే పెద్దమనుషుల పంచాయతీకి బలం ఎక్కువ. ఆ పంచాయతీలో కూర్చునేవారు ఎవరైనా ఈ వ్యాసం చదివితే ఒక్కటే కోరతాను. రాజీపత్రంలో బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో రాసేముందు, సంరక్షకత్వం, స్వాధీనం, చూసి వెళ్ళడం అన్న మూడు మాటలనూ విడివిడిగా రాయండి. తల్లికి మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళే హక్కు ఉందని ఆమెకు ఆమె భాషలో చెప్పండి. ఉత్తర్వు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో వస్తే, పక్కన కూర్చుని తెలుగులో చదివి వినిపించండి.